పిల్లలకు కరాటే, తైక్వాండో, జూడో: తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా వేసవి సెలవులకు ముందు ఒకసారి, జూన్‌లో బడులు తెరిచాక మరొకసారి తల్లిదండ్రులు దాదాపు ఇవే సందేహాలతో వస్తుంటారు. ఆ ప్రశ్నలను వారు అడిగిన మాటల్లోనే ఉంచి, పిల్లలు ఏ దశలో ఉన్నారన్న క్రమంలో సమాధానాలు ఇక్కడ కూర్చాము. ఏ ప్రశ్నకు ఆ సమాధానం విడిగా చదువుకోవచ్చు. మన ఊళ్ళలో ఎక్కువగా దొరికేవి కరాటే, తైక్వాండో తరగతులు కాబట్టి ఉదాహరణలు కూడా ఎక్కువగా వాటి నుంచే ఉన్నాయి.

## చేర్పించే ముందు

మా బాబుకు నాలుగేళ్ళు. ఇప్పుడే చేర్పించవచ్చా, ఇంకా ఆగాలా?

చాలామంది పిల్లలకు ఆరేడేళ్ళ వయసు అనుకూలంగా ఉంటుంది. నాలుగేళ్ళ పిల్లవాడు నేర్చుకోగలిగింది పరుగెత్తడం, దొర్లడం, ఒంటికాలి మీద నిలబడటం, ఆగమన్నప్పుడు ఆగడం. తరగతిలో వీటిని ఆటలుగా అరగంట సేపు చేయిస్తుంటే నిరభ్యంతరంగా పంపవచ్చు. గంటసేపు వరుసలో నిలబెట్టి గుద్దులు లెక్కపెట్టించే చోటికి మాత్రం ఆ వయసులో పంపకపోవడమే మేలు, ఎందుకంటే అక్కడ కలిగిన విసుగు తర్వాత కూడా వదలదు. కొత్త మనిషి ఒకేసారి రెండు పనులు చెబితే వరుసగా చేయగలుగుతున్నాడా, అమ్మ కనిపించకపోయినా ఉండగలుగుతున్నాడా అన్నవి వయసు కన్నా నమ్మదగిన గుర్తులు. పన్నెండేళ్ళకు మొదలుపెట్టినా ఆలస్యమైనట్టు కాదు.

అసలు దీనివల్ల ఒరిగేదేమిటి? వీధిలో ఆడుకుంటే సరిపోదా?

వ్యాయామం వరకే అయితే వీధిలో ఆట చక్కగా సరిపోతుంది. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్ళు అలిసేలా కదలాలనీ, వారంలో కనీసం 3 రోజులు ఎముకలకూ కండరాలకూ బలమిచ్చే పని ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. క్రికెట్, ఖోఖో, ఈత వీటిలో ఏదైనా ఆ లోటు తీర్చగలదు. యుద్ధకళలో అదనంగా దొరికేది వేరు: కుడి ఎడమలు రెండింటినీ సమానంగా వాడటం, పడినప్పుడు దెబ్బ తగలకుండా పడటం, బలంగా విసిరిన చేతిని ఎదుటివాడి ముఖానికి అంగుళం దూరంలో ఆపడం, తన వంతు వచ్చేదాకా కదలకుండా ఉండటం, ఓడించినవాడికి కూడా తలవంచి నమస్కరించడం.

నేడు అపార్ట్‌మెంట్ సెల్లార్లలో పిల్లలు చేసే కరాటే మొదటి నుంచీ పెద్దల యుద్ధవిద్యగానే మనకు చేరలేదు. జపాన్‌లోని ఒకినావా దీవిలో కరాటే గురువు ఇతోసు అంకో 20వ శతాబ్దపు తొలి ఏళ్ళలో దానిని బడి వ్యాయామంగా ప్రవేశపెట్టి, విద్యార్థుల కోసం పినాన్ అనే అయిదు కటాలను (ముందే నిర్ణయించిన వరుసలో ఒంటరిగా చేసే కదలికలను) రూపొందించారు. షోతోకాన్ శైలిలో హెయాన్ పేరుతో పిల్లలు నేర్చుకునేవి వాటి రూపాలే. అంటే ఈ అభ్యాసంలో కొంత భాగం పిల్లల ఒంటికీ, బడి వాతావరణానికీ తగ్గట్టుగా తయారైనదే.

ఏకాగ్రత విషయంలో కూడా ఆధారాలున్నాయి. అమెరికాలోని ఒక పాఠశాలలో లేక్స్, హోయిట్ అనే పరిశోధకులు కొన్ని తరగతులకు మామూలు డ్రిల్లు, కొన్నింటికి తైక్వాండో ఇచ్చి చూసి, తైక్వాండో చేసిన పిల్లల్లో తమను తాము అదుపులో పెట్టుకునే శక్తి ఎక్కువగా మెరుగుపడిందని 2004లో ప్రచురించారు. అయితే అది ఒక్క బడిలో కొన్ని నెలలు జరిగిన పరిశీలన మాత్రమే. దానిని చూపించి మార్కులు పెరుగుతాయని కరపత్రాలు పంచేవారిని నమ్మనక్కరలేదు.

మా వాడికి అసలే కోపం ఎక్కువ. కరాటే నేర్పితే అందరినీ కొట్టుకుంటూ తిరగడా?

ఇది న్యాయమైన భయం. ఎలా నేర్పుతున్నారన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది. ట్రల్సన్ అనే పరిశోధకుడు 1986లో ప్రచురించిన అధ్యయనంలో, తప్పుదారి పట్టిన కౌమార వయసు అబ్బాయిలను మూడు జట్లుగా చేశారు. ఒక జట్టుకు నమస్కారం, నియమాలు, ధ్యానం, కటాల వంటి సాధనతో కూడిన సంప్రదాయ తైక్వాండో, రెండో జట్టుకు అవేవీ లేకుండా పోరాటం మాత్రమే, మూడో జట్టుకు పరుగు, బాస్కెట్‌బాల్ నేర్పారు. ఆరు నెలల తర్వాత మొదటి జట్టులో దూకుడు తగ్గింది, రెండో జట్టులో అంతకు ముందుకన్నా పెరిగింది. కరాటేలో ముందుగా చేయెత్తకూడదన్నది ఒకినావా గురువు ఫునకోషి గిచిన్ తన శిష్యులకు పెట్టిన నియమం. మీరు చూసిన తరగతిలో ఆ నియమం గోడమీద బోర్డుగా ఉందా, లేక పిల్లవాడు గీత దాటినప్పుడు మాస్టారు నిజంగా పక్కన కూర్చోబెడుతున్నారా అన్నది గమనించండి. కోపిష్టి పిల్లవాడికి మేలు చేసేది ఆ రెండోదే.

కరాటే, తైక్వాండో, జూడో, కర్రసాము: వీటిలో ఏది మంచిది?

కరాటేలో చేతుల పని, నిలబడే భంగిమలు, కటాలు ప్రధానం. ఒకినావా నుంచి ఫునకోషి 1922లో టోక్యోలో ప్రదర్శించాక అది జపాన్ అంతటా వ్యాపించింది. తైక్వాండో కొరియాది. అందులో కాళ్ళకే ఎక్కువ పని, నడుము, తొడలు బాగా సాగుతాయి. 2000 సిడ్నీ క్రీడల నుంచి అది ఒలింపిక్ పతక క్రీడగా కొనసాగుతోంది. కానో జిగోరో 1882లో మొదలుపెట్టిన జూడోలో గుద్దులు, తన్నులు సాధనగా ఉండవు. పట్టుకోవడం, పడేయడం, అన్నిటికన్నా ముందు పడటం నేర్పుతారు. మందమైన మ్యాట్‌లు లేకుండా గచ్చు మీద జూడో నేర్పే చోటికి పంపకండి.

కర్రసాము మన ఊళ్ళదే. దసరాకూ, పీర్ల పండుగకూ ఊరేగింపులలో చూసే ఉంటారు. మణికట్టు తిప్పుడు, అడుగుల లయ, చుట్టూ ఉన్నవారి మీద చూపు, ఇవి దానితో వచ్చినంతగా మరో విద్యతో రావు. నేర్పే పెద్దలు మీ దగ్గర్లో ఉంటే అది తక్కువ విద్య అనుకోకండి. తీర్పు చెప్పమంటే మా మాట ఒక్కటే: కళ పేరు చూడకండి, ఇంటికి పావుగంట దూరంలో మంచి గురువు ఏది నేర్పితే అది నేర్పించండి. దూరమైతే రెండో నెలలోనే మానుకోవడం మొదలవుతుంది.

మాస్టారు మంచివారో కాదో మాకెలా తెలుస్తుంది? మాకు ఈ విద్య తెలియదు కదా.

విద్య తెలియకపోయినా తరగతి చూడటం తెలిస్తే చాలు. డబ్బు కట్టే ముందు కనీసం రెండు తరగతులు మొదటి నుంచి చివరి వరకు కూర్చుని చూడండి. తల్లిదండ్రులు చూడకూడదని చెప్పే చోట చేర్పించవద్దు. ఈ ఒక్క విషయంలో మినహాయింపు ఇవ్వకండి. చేయి తిరిగిన పిల్లల వైపే కాక, వెనక వరుసలో తడబడుతున్న పిల్ల దగ్గరకు మాస్టారు ఎన్నిసార్లు వెళ్ళారో చూడండి. భంగిమ సరిదిద్దేటప్పుడు చెప్పి ముట్టుకుంటున్నారా, మాటతోనే సరిచేయగలిగేది మాటతో సరిచేస్తున్నారా, బట్టలు మార్చుకునే చోటు విడిగా ఉందా, అమ్మాయిలున్న బృందంలో మరో పెద్ద మనిషి ఉంటున్నారా అన్నవి సిగ్గుపడకుండా అడగవలసిన ప్రశ్నలు.

బడిలో పిల్లలను కొట్టడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టం నిషేధించింది. కరాటే తరగతిలో మాత్రం బెత్తం క్రమశిక్షణలో భాగమని నమ్మేవారు మాస్టర్లలోనూ తల్లిదండ్రుల్లోనూ ఇంకా ఉన్నారు. దెబ్బకు భయపడి కదలకుండా నిలబడిన పిల్లవాడికి నిగ్రహం అలవడినట్టు కాదు. బెత్తం లేని చోట అతని ప్రవర్తన చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది. గోడమీది పతకాలు, సినిమావాళ్ళతో దిగిన ఫొటోలు మాస్టారి గతాన్ని చెబుతాయేమో గానీ మీ పిల్లవాడికి ఎలా నేర్పుతారో చెప్పవు.

ఆడపిల్ల. ఒళ్ళు గట్టిపడి మగరాయుడిలా తయారవుతుందని మా అత్తగారు అంటున్నారు.

అలా జరగదు. యుక్తవయసుకు ముందు సాధనతో బలం పెరుగుతుంది గానీ కండలు ఉబ్బవు. ఆ తర్వాత కూడా ఆడపిల్లల శరీరంలోని హార్మోన్ల వల్ల అంత తేలికగా కండలు రావు. నెలసరి రోజుల్లో ఒంట్లో బాగుంటే మామూలుగా రావచ్చు, నొప్పిగా ఉంటే మానవచ్చు, కారణం అడగని మాస్టారు ఉండటం ముఖ్యం. సమగ్ర శిక్షా పథకం కింద ప్రభుత్వ బడుల్లోనూ కస్తూర్బా విద్యాలయాల్లోనూ 6 నుంచి 12వ తరగతి బాలికలకు ఆత్మరక్షణ శిక్షణ ఇచ్చే ఏర్పాటు ఉంది. మీ అమ్మాయి బడిలో జరుగుతోందో లేదో ప్రధానోపాధ్యాయులను అడగండి.

కరాటే చేస్తే ఎత్తు పెరగరని విన్నాం. నిజమేనా?

నిజం కాదు. ఎత్తును ప్రధానంగా నిర్ణయించేవి వంశం, తిండి, నిద్ర, ఆరోగ్యం. ఎముకల చివర పెరుగుదల జరిగే చోట తీవ్రమైన గాయమైతే ఆ ఎముకకు ఇబ్బంది రావచ్చు, కానీ అది ఏ ఆటలోనైనా ఉండే ప్రమాదమే.

మా బాబుకు ఆస్తమా ఉంది. మా చెల్లెలి కొడుకుకు ఆటిజం. వీళ్ళను పంపవచ్చా?

ఆస్తమా అదుపులో ఉన్న పిల్లలు డాక్టరు సలహాతో సాధన చేయవచ్చు. ఇన్‌హేలర్ సంచిలో ఉండాలి, అది ఎప్పుడు ఎలా వాడాలో మాస్టారికి తెలిసి ఉండాలి, మెల్లగా ఒళ్ళు వేడెక్కించాకే వేగం పెంచాలి. ఆటిజం విషయంలో, ఇరాన్ పరిశోధకులు 30 మంది పిల్లలతో చేసి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, 14 వారాల కటా సాధన తర్వాత ఒకే కదలికను పదే పదే చేసే అలవాటు తగ్గింది. కటాలో ఏ అడుగు తర్వాత ఏది వస్తుందో ముందే తెలియడం ఆ పిల్లలకు ఊరటనిస్తుందని అనుకోవచ్చు. అయితే నలభై మంది కేకలు వేసే హాలులో అదే పిల్లవాడు తట్టుకోలేకపోవచ్చు కాబట్టి చిన్న బృందం వెతకండి. మందులు, థెరపీ మాత్రం ఆపకండి.

## చేరిన తొలి నెలల్లో

వారానికి ఎన్ని రోజులు పంపాలి?

రెండు లేదా మూడు రోజులు చాలు. బడిలో వారానికి ఒక్క పీరియడ్ మాత్రమే ఉంటే, నేర్చుకున్నది మళ్ళీ వారానికి మరిచిపోతారు. ఇంట్లో పది నిమిషాల సాధన తోడైతేనే దానికి ఫలితం ఉంటుంది.

మూడు నెలలైంది, ఇంకా నిలబడటం, గుద్దడమే చేయిస్తున్నారు. మమ్మల్ని మోసం చేస్తున్నారా?

చాలావరకు కాదు. ముందుకాలు వంచి వెనక కాలు చాచి నిలబడే ఒక్క భంగిమలోనే మోకాలు పాదం దిశలో ఉండాలి, మడమ నేల వదలకూడదు, నడుము నిటారుగా ఉండాలి. ఇవి అలవాటు కాకుండా ఎత్తు తన్నులు నేర్పితే మోకాళ్ళూ నడుమూ దెబ్బతింటాయి. మొదటి నెలలోనే గాలిలో తిరిగి తన్నించే చోట పిల్లలు మురిసిపోతారు, వీడియోలు బాగుంటాయి, పునాది మాత్రం ఉండదు. అయినా మూడు నెలలుగా ఒకే పనిని ఒకే విధంగా, పిల్లలకు కారణం చెప్పకుండా చేయిస్తుంటే అది మాస్టారి లోపమే.

మానేస్తానని ఏడుస్తోంది. బలవంతంగా పంపాలా?

ముందు కారణం తెలుసుకోండి. అలసట, స్నేహితురాలు మానేయడం, కొత్త పాఠం కష్టంగా ఉండటం వంటివైతే తీసుకున్న నెల పూర్తిచేద్దామని ఒప్పించి పంపవచ్చు. ఒక మనిషి పేరు చెప్పగానే ముడుచుకుపోవడం, తరగతి రోజున కడుపునొప్పి అనడం, ఒంటి మీద ఎలా తగిలాయో చెప్పలేని దెబ్బలు కనిపిస్తే వెంటనే ఆపి, ఏకాంతంగా, తొందరపెట్టకుండా అడగండి.

నేర్చుకున్నదంతా తమ్ముడి మీద ప్రయోగిస్తోంది. ఏం చేయాలి?

మొదటి నెలల్లో ఇది మామూలే. ఇంట్లో దిండు మీద, గాలిలో తప్ప మనిషి మీద చేయకూడదని ఒకే నియమం పెట్టి, మాస్టారికి కూడా చెప్పండి. అమ్మానాన్నల మాట కన్నా ఆయన మాట అప్పట్లో ఎక్కువ పనిచేస్తుంది. బంధువులు వచ్చినప్పుడు "మావయ్యను ఒకటి కొట్టి చూపించు" అనడం మాత్రం పెద్దలు మానుకోవాలి.

గచ్చు మీద పిడికిళ్ళతో పుషప్‌లు తీయిస్తున్నారు. వార్షికోత్సవంలో పెంకులు పగలగొట్టిస్తామంటున్నారు. ఇది అవసరమా?

అవసరం లేదు, వద్దని చెప్పండి. పిల్లల ఎముకల చివర్లలో పెరుగుదల జరిగే మెత్తటి భాగాలుంటాయి. అవి అమ్మాయిల్లో సుమారు 13 నుంచి 15, అబ్బాయిల్లో 15 నుంచి 17 ఏళ్ళకు గట్టిపడతాయి. అంతవరకు కణుపుల మీదా మణికట్టు మీదా పదే పదే దెబ్బ పడటం మంచిది కాదు. అరచేతులు ఆనించి తీసే పుషప్‌లతోనే కావలసిన బలం వస్తుంది. పెంకులు పగలగొట్టడం, చేతివేళ్ళ మీద మోటారుసైకిలు పోనివ్వడం, పొట్ట మీద బండలు పగలగొట్టడం మన దగ్గర వార్షికోత్సవాల్లో చప్పట్ల కోసం వచ్చి చేరాయి. పిల్లవాడి నైపుణ్యానికీ వాటికీ సంబంధం లేదు. కటాను శుభ్రంగా చేసి చూపించమని మీరే మాస్టారిని కోరండి. ప్రేక్షకులకు విసుగనిపిస్తే వారి ఇష్టం.

యూట్యూబ్ చూసి ఇంట్లోనే నేర్చుకోకూడదా?

నేర్చుకున్నది గుర్తుచేసుకోవడానికి వీడియో పనికొస్తుంది. మోకాలు లోపలికి వాలిపోతోందని మాత్రం అది మీ పిల్లవాడికి చెప్పలేదు.

ప్రత్యేకంగా ఏం తినిపించాలి? ప్రొటీన్ పౌడర్ ఇవ్వాలా?

పౌడర్ వద్దు. పప్పు, గుడ్డు లేదా పెరుగు, కూరలు, సరిపడా అన్నం లేదా రొట్టె ఉన్న ఇంటి భోజనం చాలు. తరగతికి రెండు గంటల ముందు భోజనం ముగించాలి. సాయంత్రం బడి నుంచి నేరుగా వెళ్ళే పిల్లలకు అరటిపండో పల్లీ పట్టీనో ఇవ్వండి, నీళ్ళ సీసా మరవకండి.

## బెల్టులు, పరీక్షలు

ఒకచోట ఏడాదిన్నరలో బ్లాక్ బెల్ట్ ఇస్తామంటున్నారు, ఇంకోచోట అయిదేళ్ళంటున్నారు. ఎవరిది నిజం?

రంగు బెల్టుల మీద ప్రపంచమంతటికీ వర్తించే చట్టం లేదు, ప్రతి సంస్థా తన పద్ధతి పెట్టుకుంటుంది. అందుకే ఆ రెండు మాటలూ నిజం కావచ్చు, కానీ వాటి విలువ ఒకటి కాదు. వారానికి రెండు మూడు రోజులు వచ్చే పిల్లలకు నాలుగైదేళ్ళు పట్టడం సహజం. దక్షిణ కొరియాలోని తైక్వాండో కేంద్ర సంస్థ కుక్కివాన్ 15 ఏళ్ళలోపు పిల్లలకు పెద్దల నల్ల బెల్ట్ ఇవ్వదు. పూమ్ అనే ఎరుపు, నలుపు కలిసిన బెల్ట్ ఇస్తుంది. బెల్ట్ ఎంత కాలానికి ఇస్తారని కాక, ఒక్కో బెల్ట్‌కు ఏమేమి చేసి చూపించాలో కాగితం మీద ఉందా, పరీక్షకు ఎంత రుసుము, పోయినసారి ఎవరైనా తప్పారా అని అడగండి. రుసుము కట్టిన ప్రతి ఒక్కరూ ప్రతిసారీ పాసయ్యే చోట బెల్ట్ కేవలం రసీదు.

బెల్ట్ పరీక్షలో తప్పాడు. స్నేహితులందరికీ వచ్చింది. తట్టుకోలేకపోతున్నాడు.

ఏ అంశంలో తప్పాడో మాస్టారి చేత పిల్లవాడికే నేరుగా చెప్పించండి. బడి పరీక్షలో తప్పితే ఏడాది పోతుందన్న భయం మన పిల్లల్లో ఉంటుంది, ఇక్కడ రెండు మూడు నెలల్లో మళ్ళీ రాయవచ్చు. మాస్టారితో మాట్లాడి ఎలాగైనా ఇప్పించాలని చూడకండి, అది పిల్లవాడికి తప్పక తెలుస్తుంది.

## స్పారింగ్, పోటీలు

ఎదురెదురుగా నిలబెట్టి స్పారింగ్ ఎప్పుడు మొదలుపెట్టాలి? తలకు దెబ్బ తగిలితే?

అమెరికా శిశువైద్యుల అకాడమీ 2016 నివేదిక ప్రకారం, కటా, ప్రాథమిక సాధన వంటి తాకుడు లేని అభ్యాసమే పిల్లలకు అత్యంత సురక్షితం. వాటిలో పట్టు చూపించాకే తాకుడుతో కూడిన స్పారింగ్‌కు వెళ్ళాలి. మిశ్రమ యుద్ధకళల పోటీలు పిల్లలకు తగవు. పళ్ళకు మౌత్ గార్డ్, ఛాతీకి చెస్ట్ గార్డ్, మోకాలి కింది ఎముకకు షిన్ గార్డ్, అబ్బాయిలకు గజ్జల దగ్గర గ్రాయిన్ గార్డ్ ఉండాలి. హెడ్ గార్డ్ కోతలనూ వాపులనూ తగ్గించగలదు గానీ లోపల మెదడు కదిలిపోకుండా కాపాడుతుందని నమ్మకూడదు. తలకు దెబ్బ తగిలాక తలనొప్పి, వాంతి, మత్తు, మాట తడబడటం, వెలుతురు చూడలేకపోవడం, జరిగింది గుర్తులేకపోవడం వీటిలో ఏది కనిపించినా ఆ రోజు ఆట ఆపి డాక్టరుకు చూపించాలి. వాంతులు ఆగకపోయినా, నిద్రలోంచి లేపలేకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. డాక్టరు అనుమతించేదాకా స్పారింగ్ వద్దు.

జూడోలో పిల్లలు చనిపోయారని చదివాం. భయపడాలా?

ఆ వార్త నిజమే. జపాన్ పాఠశాలల్లో 1983 నుంచి మూడు దశాబ్దాల కాలంలో వందకు పైగా విద్యార్థులు జూడో సాధనలో మరణించారు. వారిలో కొత్తగా చేరినవారు, పెద్దవారి చేతిలో వెనక్కి పడి తల నేలకు తగిలినవారు ఎక్కువ. 2012లో జపాన్ మాధ్యమిక పాఠశాలల్లో యుద్ధకళలు తప్పనిసరి అవుతున్నప్పుడు ఈ విషయం పెద్ద చర్చయింది. దాని నుంచి మీరు తీసుకోవలసిన జాగ్రత్తలివి: గడ్డం ఛాతీకి ఆనించి పడటం చక్కగా వచ్చేవరకు ఎవరూ మీ పిల్లవాడిని పడేయకూడదు, జంట బరువూ అనుభవమూ దగ్గరగా ఉండాలి, తలనొప్పి అన్న పిల్లవాడిని ఆరోజు మ్యాట్ ఎక్కించకూడదు.

చిన్నప్పటి నుంచే పోటీలకు పంపితే ధైర్యం వస్తుందా?

కొందరికి వస్తుంది, కొందరికి ఉన్నది పోతుంది. జపాన్ జూడో సమాఖ్యే ప్రాథమిక పాఠశాల పిల్లల జాతీయ వ్యక్తిగత పోటీలను 2022లో రద్దు చేసింది; గెలుపు మీద పెద్దల ఆరాటం హద్దు మీరిందన్నదే కారణం. ఆ విద్య పుట్టిన దేశమే అలా ఆలోచించినప్పుడు, ఏడేళ్ళ పిల్లవాడిని ప్రతి ఆదివారం ఏదో ఒక ఫంక్షన్ హాలుకు తీసుకెళ్ళవలసిన తొందర మనకు లేదు. పిల్లవాడు తానే అడిగినప్పుడు ఏడాదికి ఒకటి రెండు చాలు. బరువు విభాగం కోసం అన్నం మాన్పించమని ఎవరు చెప్పినా వినకండి.

మా అమ్మాయికి "నేషనల్" పతకం వచ్చింది. స్పోర్ట్స్ కోటాలో పనికొస్తుందా?

పతకం మీద నేషనల్ అని రాసి ఉన్నంత మాత్రాన పనికిరాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల క్రీడా కోటాకు నిర్ణీత నమూనాల్లో సర్టిఫికెట్లు కావాలి: దేశం తరఫున అంతర్జాతీయ పోటీలో ఆడితే ఫారం 1, రాష్ట్రం తరఫున జాతీయ పోటీలో ఆడితే ఫారం 2, అంతర్ విశ్వవిద్యాలయ పోటీకి ఫారం 3, జాతీయ పాఠశాల క్రీడలకు ఫారం 4. గుర్తింపు ఉన్న సంస్థలో అధికారం ఉన్నవారే వీటి మీద సంతకం చేయగలరు. రాష్ట్రాల నియమాలు వేరు, సమాఖ్యల గుర్తింపు కూడా మారుతూ ఉంటుంది కాబట్టి రుసుము కట్టే ముందే జిల్లా క్రీడాధికారి కార్యాలయంలో అడగండి. ఒలింపిక్స్ ఆశ చూపేవారికి ఒక మాట: కరాటే ఒక్క టోక్యో క్రీడల్లోనే, 2021లో, ఉంది, 2024 పారిస్‌లో లేదు.

## ఆత్మరక్షణ గురించి

నిజంగా ఎవరైనా ఎత్తుకుపోబోతే మా పిల్ల తనను తాను కాపాడుకోగలదా?

పదేళ్ళ పిల్ల పెద్ద మనిషిని కొట్టి పడేయగలదని చెప్పేవారు అబద్ధం చెబుతున్నారు. సాధన వల్ల వచ్చేవి గట్టిగా అరవగలగడం, పట్టు విడిపించుకుని పరుగెత్తగలగడం, భయంలో కొయ్యబారిపోకుండా ఉండటం. మంచి తరగతిలో వీటిని నాటకంలా వేయించి అభ్యాసం చేయిస్తారు. అంతకన్నా ముఖ్యమైన సంగతి, పిల్లల మీద లైంగిక నేరాలలో అత్యధికం తెలిసినవారు చేసేవే. అక్కడ తన్ను పనికిరాదు. "వద్దు" అనగలగడం, ఇంటికొచ్చి చెప్పగలగడం పనికొస్తాయి. పెద్దలకు ఎదురుచెప్పకూడదని ఇంట్లో నేర్పి, ఆత్మరక్షణ మాత్రం మాస్టారు నేర్పాలనుకుంటే ఆ పిల్ల ఎటూ తేల్చుకోలేదు. పిల్లల సహాయ సంఖ్య 1098, అత్యవసర సంఖ్య 112 పిల్లలకు కంఠతా వచ్చి ఉండాలి.

## కొన్నేళ్ళయ్యాక

పదో తరగతికి వచ్చాడు. మాన్పించక తప్పదా?

పోటీలు, బెల్ట్ పరీక్షలు ఆపవచ్చు, సాధన మాత్రం వారానికి రెండు గంటలైనా ఉంచండి. రోజంతా కూర్చునే ఆ ఏడాదే ఒంటికి కదలిక, రాత్రికి నిద్ర ఎక్కువ అవసరం. ఇంటర్‌లో హాస్టల్‌కు వెళితే, పది నిమిషాల కటాకు మంచం పక్కన ఉన్న చోటు సరిపోతుంది.

మాకు బదిలీ అయింది. కొత్త ఊళ్ళో, లేదా విదేశంలో పాత బెల్ట్ చెల్లుతుందా?

అదే శైలి, అదే సంస్థ దొరికితే సాధారణంగా చెల్లుతుంది. శైలి మారితే కొందరు పరీక్షించి దగ్గరి బెల్ట్ ఇస్తారు, కొందరు తెల్ల బెల్ట్ నుంచే మొదలుపెట్టమంటారు. సంతకం, తేదీ ఉన్న ప్రతి గ్రేడింగ్ సర్టిఫికెట్‌నూ, మాస్టారి నుంచి ఒక లేఖనూ వెంట తీసుకెళ్ళండి. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడి తరగతుల్లో చేర్పించేటప్పుడు ఒప్పంద పత్రం పూర్తిగా చదవాలి. ఏడాదికో, బ్లాక్ బెల్ట్ వచ్చేదాకానో కట్టుబడే ఒప్పందాలు అక్కడ ఉంటాయి, కాబట్టి మధ్యలో మానితే ఎంత కట్టాలో సంతకానికి ముందే రాయించుకోండి.